ఎర్త్ బోల్టు కింద రంగు

పొద్దున్నే ఆకాశానికి ఒకచోట కుదురు లేదు. మబ్బులు వచ్చి యార్డు మీద గుమిగూడేవి, కురవబోతున్నట్టు నల్లబడేవి, గాలి తగలగానే చెదిరిపోయేవి. రేకుల మీద నాలుగు చినుకులు రాలడం, ఆగిపోవడం. నేను మట్టి తవ్వే పాత ఎక్స్‌కవేటర్ క్యాబిన్‌లో కూర్చుని స్కానర్ వంక చూస్తున్నాను. నిన్న సాయంత్రం తుడిచేసిన మూడు ఎర్రర్ కోడ్లూ మళ్ళీ వచ్చి తెర మీద కూర్చున్నాయి.

ఒకటి డీజిల్ ఒత్తిడి చూసే సెన్సర్‌ది, ఒకటి నీళ్ళ వేడిది, ఇంకొకటి యాక్సిలరేటర్‌ది. చల్లగా ఉన్నంతసేపూ బండి బుద్ధిగానే ఉంటుంది. వేడెక్కాక బూమ్, అంటే ముందున్న పొడవాటి చెయ్యి, ఎత్తి పక్కకు తిప్పితే ఒక్కోసారి ఇంజన్ ఠక్కున ఆగిపోతుంది. ఒక్కోసారి ఆగదు. ఆ ఒక్కోసారే నా ప్రాణం తీస్తోంది.

మా యార్డులో వాడిన బండ్లు కొని, బాగుచేసి, రంగు వేసి అమ్ముతారు. వైరింగ్ పని నాది. రంగు పని మా మామది, అంటే అమ్మ తమ్ముడిది. ఈ బండి నడపబోయేది మామ అల్లుడు. నాకు వరసకు అన్న. బండి కొన్న కాంట్రాక్టరు అతన్నే ఆపరేటర్‌గా పెట్టుకున్నాడు. మధ్యాహ్నం ట్రెయిలర్ వచ్చి తీసుకుపోతే, రేపటి నుంచి ఏటి గట్టుకు పడ్డ గండి పూడ్చే పని. పైన నానిన మట్టి, కింద నీళ్ళు. బకెట్ నిండా రాళ్ళతో ఆ అంచున ఉండగా ఇంజన్ ఆగితే వెనక్కి వచ్చే దారి ఉండదు. మట్టి జారితే బండితో పాటే మనిషీ.

యజమాని గొడుగు ఊపుకుంటూ వచ్చాడు.

"ఏమయ్యా, ఆ కోడ్లేవో తుడిచేస్తే పోతాయిగా?"

"తెర మీద పోతాయండీ. బండిలో పోవు."

"పోయినంతవరకు పోనీ. ట్రెయిలర్ ఎక్కేదాకా ఆగకపోతే చాలు." అనేశాక వెనకాల అన్న నిలబడి ఉండటం చూసి దగ్గాడు. "అంటే, నా ఉద్దేశం అది కాదనుకో."

"మీ ఉద్దేశం మాకు బాగానే అర్థమైందిలెండి," అన్నాడు అన్న.

అతను నిలబడ్డచోట నిలవలేకపోతున్నాడు. బండి చుట్టూ తిరుగుతున్నాడు. టైర్లు లేవు కనక చైన్లనే తన్ని చూస్తున్నాడు. చివరికి క్యాబిన్ మెట్టెక్కి గొంతు తగ్గించాడు.

"తేలుతుందా తమ్ముడూ? తేలకపోతే చెప్పు. అక్కడ నేను మెల్లగా చూసుకుంటాను."

"మెల్లగా ఆగినా ఆగడమే కదన్నా."

"మీ వదిన చెవిన మాత్రం వెయ్యకు."

కింద మామ గుడ్డతో తలుపు తుడుస్తూ అరిచాడు. "ఒరేయ్, ఆ జిడ్డు చేతులతో ఎక్కడ పడితే అక్కడ పట్టుకోకండిరా! అది పెళ్ళికూతురిలా ఉంది."

"పెళ్ళికూతురికి మూర్ఛలు వస్తున్నాయి మామా," అన్నాడు అన్న. మామ నవ్వలేదు.

కోడ్ చెప్పింది నమ్మి నిన్ననే ఒత్తిడి సెన్సర్ మార్చాను. ఫలితం లేదు. దిగి ఒక చుట్టు తిరిగాను. మళ్ళీ ఎక్కాను. మళ్ళీ దిగాను. మూడు ఇళ్ళల్లో ఒకేసారి వాంతులు మొదలైతే మనిషికో మందు వెతకరు, ముందు వాళ్ళు తాగిన నీళ్ళు చూస్తారు. ఈ మూడు సెన్సర్లూ కలిసి తాగే నీళ్ళు ఏవి? మూడు వైర్లూ వెళ్ళేది కంప్యూటర్ పెట్టెకు. ఆ పెట్టె ఎర్త్ వైరు క్యాబిన్ వెనక ఇనుప చట్రానికి బోల్టుతో బిగించి ఉంటుంది.

మీటరు తీశాను. ఒక మొన బ్యాటరీ మైనస్‌కు, రెండోది ఆ బోల్టు దగ్గర వైరు కొసకు. అంకె సున్నా పక్కనే ఉండాలి. ఇంజన్ వేడెక్కేదాకా ఆగి, "అన్నా, ఎత్తి ఎడమకు తిప్పు," అన్నాను.

బూమ్ తిరిగింది. అంకె గబుక్కున ఎగిరింది. ఇంజన్ ఒక్కసారి గుటకేసి ఆగిపోయింది.

బోల్టు విప్పాను. వైరు కొస కింద మెరిసే ఇనుము ఉండాల్సిన చోట పసుపు రంగు, అద్దంలా, దళసరిగా. కరెంటు పోవడానికి మిగిలింది బోల్టు మర ఒరుసుకున్న సన్నటి గీత ఒక్కటే. వేడెక్కి అదిరితే అదీ వదిలేస్తోంది.

నేను తలెత్తేసరికి మామ నా భుజం మీదుగా చూస్తున్నాడు.

"ఎప్పుడూ బోల్టుల మీద టేపు అంటించి చుట్టూ రంగు వేస్తావు కదా మామా?"

"అవును. ఎవరి బండికైనా అంతే." గుడ్డను చేతిలో నలిపాడు. "ఇది మన పిల్లవాడు ఎక్కే బండి కదరా. తుప్పు పట్టకూడదని అన్నీ విప్పి, లోపల కూడా రెండు పూతలు..."

యజమాని, "నీ ప్రేమ బంగారం కానూ!" అని నవ్వబోయి, మామ మొహం చూసి గొడుగు తెరుచుకుని వెళ్ళిపోయాడు.

"గీకుడు బిళ్ళ ఇలా ఇవ్వు," అన్నాడు మామ.

"నేను గీకుతాలే."

"పూసింది నేను. ఇవ్వు."

వంగి గీకాడు. పసుపు పొట్టు రాలింది, కింద ఎర్రటి ప్రైమరు, దాని కింద తెల్లటి ఇనుము. చాల్లే మామా అన్నాను. చాలదన్నాడు. మళ్ళీ గీకాడు. తరువాత నన్ను అడగకుండానే వెనక్కి వెళ్ళి, తాను విప్పిన ప్రతి ఎర్త్ బోల్టూ వెతికి పట్టుకుని విప్పించాడు. మిగతావీ అలాగే ఉన్నాయి. వాన మొదలైనా లేవలేదు. అన్న ఒక గోనెపట్టా తెచ్చి మామ తలమీద పట్టుకుని నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

అన్నీ బిగించి కోడ్లు తుడిచి స్టార్ట్ చేశాం. ఎడమకు, కుడికి, బకెట్ నిండా మట్టితో, ఖాళీగా. మీటరు కదల్లేదు. తెర ఖాళీగా ఉంది. అయినా నాకు నమ్మకం కుదరలేదు. నిన్న కూడా కాసేపు ఖాళీగానే ఉంది.

గేటు దగ్గర ట్రెయిలర్ హారన్ కొట్టింది. అన్న బకెట్ నేలకు ఆనించి, ఇంజన్ ఆపకుండానే దిగి, డ్రైవర్‌తో అన్నాడు: "మేం తినేలోపు ఆగకపోతే ఎక్కిస్తా. ఆగిందా, నువ్వు ఖాళీగా పోవాల్సిందే."

"నన్ను కూడా పిలిస్తే మెల్లగానే తింటాను," అన్నాడు డ్రైవర్, రేకుల కిందికి వస్తూ.

ఇంటి నుంచి భోజనం తెచ్చిన వదిన అప్పటికే క్యారియర్ విప్పుతోంది. "పక్కన ఆ రొదేంటి? అన్నం తినేటప్పుడైనా ఆపొచ్చు కదా," అంది.

అన్న కంచాలు సర్దాడు. ఆమె భర్త వంక చూసింది, తండ్రి వంక చూసింది. మళ్ళీ అడగలేదు. వడ్డించింది, తనూ కూర్చుంది.

తింటున్నాం. ఎర్త్ మీద భారం పడేలా బండిలో లైట్లూ ఫ్యానూ ఏసీ అన్నీ వేసి ఉంచాం. ఇంజన్ ఒకే గొంతుతో నడుస్తోంది. మధ్యలో ఏసీ పట్టుకున్నప్పుడు ఆ గొంతు కాస్త దిగింది. మా ముగ్గురి చేతులూ కంచాల్లోనే ఆగాయి. వదిన చెయ్యి కూడా ఆగింది. ఇంజన్ మళ్ళీ అందుకుంది. మామ ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. వదిన అందరికీ మళ్ళీ వడ్డించింది. వద్దని ఎవరూ అనలేదు.