కాలికి కట్టిన తాడు

సున్నపురాయి కొండను తొలిచి వేసిన దారిలో కారు దిగుతున్నంతసేపూ సుమతి సీటు అంచు పట్టుకునే కూర్చుంది. ఒకవైపు తెల్లటి రాతిగోడ. రెండోవైపు ఏమీ లేదు. ఆ ఏమీ లేనిచోట, బాగా అడుగున, సముద్రం.

“ఈ రాళ్లు ఊడి పడవు కదండీ?”

“మన తాతలు పుట్టకముందు నుంచీ ఉన్నాయి. ఇవాళ నువ్వొచ్చావని పడతాయా?” అన్నాడు రాధాకృష్ణ.

అది ఎనభై నాలుగు ఏప్రిల్. మందుల కంపెనీవాళ్లు అతన్ని అమెరికాలోని నేపర్‌విల్ నుంచి పోర్టోరికో దీవిలో ఉన్న ఫ్యాక్టరీకి పని మీద పంపితే, స్కూలుకి సెలవులు కదా అని భార్యనీ, పదమూడేళ్ల జయంతినీ వెంటబెట్టుకొచ్చాడు. అలల మీద పలకలేసుకుని నిలబడి వచ్చే పిల్లల్ని చూసినప్పట్నుంచీ తనూ నేర్చుకుంటానని జయంతి ఒకటే పోరు. సుమతి ససేమిరా అంది. తిండి మానేసి సాధించుకుంది పిల్ల. చివరికి సుమతి ఒప్పుకుంది గానీ, తను ఒడ్డునే ఉంటానంది. ఉండి ఏం చేస్తుందో ఆమెకే తెలీదు. ఈత రాదు.

నేర్పే అమ్మాయి పేరు ఇరైదా. ఎండకి మాగిన ఒళ్లు, నిండుగా నవ్వు. ఇసకలో జయంతిని పలక మీద పడుకోబెట్టి, లేపి, మళ్లీ పడుకోబెట్టి చాలాసేపు సాధన చేయించింది. తర్వాత పలకకున్న తాడు తీసి, దాని చివరి పట్టీని పిల్ల చీలమండకి చుట్టి, తన పలక తెచ్చుకోవడానికి కారు దగ్గరికి వెళ్లింది.

సుమతి ఆ పట్టీ వంకే చూసింది.

కాలికి కట్టు! తమ వైపు కాళ్లకి కట్టు ఎప్పుడు కడతారు? అది మనసులో అనుకోవడానికే ఆమెకి నోరెండిపోయింది. పైకి అనడమా? అంటే తథాస్తు దేవతలు వింటారు.

“జయా, అది విప్పెయ్యమ్మా.”

“వై, మమ్మీ? అందరూ పెట్టుకుంటారు.”

“అడక్కు. విప్పెయ్. నామీద ఒట్టు.”

జయంతి కళ్లు తిప్పింది. మాట పెరిగితే మొత్తానికే ఎసరొస్తుందని దానికీ తెలుసు. చర్రుమని పట్టీ ఊడదీసి, తాడు పలక మీద చుట్టిపెట్టి నీళ్లలోకి నడిచింది. వెనకే వచ్చిన ఇరైదా అది గమనించలేదు.

మొదటి అలకి పిల్ల మోకాళ్ల మీద లేచింది. రెండోదానికి లేవబోయి తలకిందులైంది. పలక మాత్రం బాణంలా ఒంటరిగా వచ్చి సుమతి కాళ్ల ముందు ఇసకని గుద్దింది.

పలక ఉంది. పిల్ల లేదు.

“జయా!” చీర కుచ్చిళ్లు కాళ్లకి చుట్టుకుంటున్నా సుమతి నీళ్లలోకి పరుగెత్తింది. ఒక అల ఆమెని కూలదోసింది. లేచి చూసేసరికి, అల్లంత దూరాన నల్లటి తల తేలింది, మునిగింది, మళ్లీ తేలింది. ఇరైదా చేతులతో తెడ్లేసుకుంటూ వెళ్లి పిల్లని తన పలక మీదికి లాగింది.

ఒడ్డుకొచ్చాక జయంతి దగ్గి, ఉప్పునీళ్లు ఉమ్మి, ఊపిరి తీసుకుంది. ఇరైదా మొహంలో నవ్వు లేదు. తాడెవరు విప్పారని ఇంగ్లీషులో గద్దించింది.

“ఐ డిడ్,” అంది జయంతి, తల్లివైపు చూడకుండా.

“నో. నేను,” అంది సుమతి, గుండె మీద చెయ్యేసుకుని. తర్వాత తెలుగులో, చిన్న గొంతుతో కూతురికి చెప్పింది. “మన దగ్గర... పోయినవాళ్లకి కాలి బొటనవేళ్లు కలిపి కడతారే. అందుకని.”

జయంతి దిగ్గున లేచి కూర్చుంది. “మమ్మీ! మరి చెప్పొచ్చు కదా!”

“ఎలా చెప్పనే, నువ్వు నీళ్లలోకి పోతుంటే?”

జయంతి ఇరైదాకి ఇంగ్లీషులో వివరించింది. ఇరైదా కోపం చల్లారింది. ఆమె చెప్పింది విని జయంతి తల్లివైపు తిరిగింది. “ఆ తాడు నన్ను కట్టడానికి కాదంట. బోర్డ్‌ని కట్టడానికి. పడ్డానుకో, లాగితే అది నా దగ్గరికి వస్తుంది. పట్టుకుని ఫ్లోట్ అవుతా.”

అరుపులు విని కారు దగ్గర్నుంచి పరుగెత్తుకొచ్చిన రాధాకృష్ణ తువ్వాలు దులిపాడు. “చాల్లే, ఇవాల్టికి అయింది. పదండి.”

ఇంకోసారి వెళ్తానని జయంతి అడగలేదు. సముద్రంవైపు చూస్తూ కూర్చుంది. సుమతి ఆ చూపు చూసింది. ఇప్పుడు ఇంటికి తీసుకుపోతే పిల్ల వస్తుంది, మారుమాట్లాడదు. కానీ నీళ్లంటే ఇక తనలాగే భయపడుతుంది.

“ఎక్కడికండీ పోయేది? దానికి ఇంకా నిలబడటమే రాలేదు,” అంది.

రాధాకృష్ణ తువ్వాలు మళ్లీ భుజాన వేసుకున్నాడు.

సుమతి ఇసకలో మోకాళ్లూని పట్టీని కూతురి కాలికి చుట్టింది. రెండుసార్లు గుంజి చూసింది. “ఇది నిజంగా ఊడదుగా?”

“ఊడదు మమ్మీ.”

“కాలు నొక్కేస్తోందా?”

“మమ్మీ!”

ఈసారి ఆమె ఒడ్డున ఆగలేదు. కుచ్చిళ్లు ఎగదోపుకుని మోకాళ్ల లోతుదాకా వెళ్లి నిలబడింది. జయంతి పడింది, తాడు లాగి పలకెక్కింది, మళ్లీ పడింది. పడ్డ ప్రతిసారీ, ఆ నల్లటి తల పైకి తేలేదాకా సుమతి రెప్ప వెయ్యలేదు.

“భయం పోయిందా?” పక్కకొచ్చి అడిగాడు రాధాకృష్ణ.

“ఎక్కడికి పోతుంది? ఇక్కడే ఉంది. మీరు అడ్డం తప్పుకోండి, పిల్ల కనపడట్లేదు.” చేతులు నోటి దగ్గర దోనెలా పెట్టుకుని అరిచింది. “జయా! వెనకాల మంచి అల వస్తోందే, పెద్దది! లేచి నిలబడు!”