పేరొక్కటే

సంగయ్య గోడకున్న నీలం పరదాను దించి, చుట్టి, పురికొస కట్టి గడప పక్కన నిలబెట్టాడు. తర్వాత గొడుగు లైట్ల మీది దుమ్మును తడిగుడ్డతో తుడిచాడు. చేవెళ్ళలో ఇరవై ఎనిమిదేళ్ళు నడిచిన ఫోటో స్టూడియో ఇవాళ మొయినాబాద్‌కు పోతోంది. ఫాంహౌస్ పెళ్ళిళ్ళన్నీ అక్కడే. యజమాని రత్నాకర్ బేరాలున్న చోటికి పోతున్నాడు. తప్పు పట్టడానికేమీ లేదు.

సంగయ్య వేళ్ళు సన్నవి. ఫిల్ము కడిగిన కాలంలో పసుపెక్కిన గోళ్ళు మళ్ళీ తెల్లబడలేదు. చనిపోయినవాళ్ళ ఫోటోలు పెద్దవి చేసి, చిరిగిన చెంప అతికించి, బొట్టు దిద్ది ఇవ్వడం అతని పని. ఈ చుట్టుపక్కల దండ వేసిన పటాల్లో సగం అతని చేతిమీదుగా పోయినవే. అతని ఇంట్లో మాత్రం మేకు ఉంది, పటం లేదు. భార్య సుక్కమ్మ పోయి మూడేళ్ళు. తీరిక లేదని అందరికీ చెప్పాడు. నిజానికి ఆ ముఖాన్ని తెర మీద పెద్దది చేసి చూసే ధైర్యం లేదు. పిరికివాడు.

ఆమె ఉన్నది పాత కంప్యూటర్లో, ఆమె పేరే పెట్టిన ఒక ఫోల్డర్లో. కొత్త లైటు వచ్చినప్పుడల్లా, సద్ది తెచ్చిన సుక్కమ్మను స్టూలు మీద కూర్చోబెట్టి వెలుగు చూసుకునేవాడు. “నా మొకమేం జూస్తవ్, లైటు జూడు” అనేది. అలా రెండు వందల పద్నాలుగు ఫోటోలు. ఆధార్ కార్డు మీది నల్లమరక తప్ప ఇంకెక్కడా ఆమె ముఖం లేదు.

“సంగన్నా, పెండ్లిళ్ళన్నీ కొత్త డిస్కులకెక్కి మొయినాబాద్ పోయినయ్. నీదేమన్న ఉంటే తీస్కో. పాత డబ్బ కొనేటాయన మాపటికి వస్తడు,” అన్నాడు రత్నాకర్.

పెన్‌డ్రైవ్ చిన్నది. ఫోల్డర్ పట్టలేదు. మౌసుతో కుదించబోతే కంప్యూటర్ రెండుసార్లు బిగుసుకుపోయింది. రత్నాకర్ బామ్మర్ది భూపాల్ చందనవెల్లి డేటా సెంటర్లో పనిచేస్తాడు. అతనికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టారు.

“నల్ల తెర తెరిచినవా కాక, కమాండ్లు కొట్టేది? జిప్ అని కొట్టు. జర జాగ ఇడువు. అడ్డగీత. ఆర్. మల్ల జాగ.”

“ఆరా?”

“ఆఁ, ఆర్. కొత్త ఫైలు పేరు కొట్టి, ఎనుక నీ ఫోల్డర్ పేరు కొట్టు. గంతే.”

“గింతకు ఇంజినీరు గావాల్నా?” అన్నాడు రత్నాకర్ పక్కనుంచి.

“అయితే నువ్వు కొట్టు బావా, చూస్త.”

సంగయ్య ఒక్క వేలితో ఒక్కొక్కటే కొట్టాడు. రెప్పపాటులో అయిపోయింది. తెర మీద ఒకే వరుస పడింది: సుక్కమ్మ పేరు, పక్కన సున్నా శాతం. అంటే ఏమీ తగ్గలేదు. నొక్కితే తగ్గే మనిషా ఆమె, అనుకున్నాడు. మూడేళ్ళలో మొదటిసారి నవ్వొచ్చింది. ఆ ఫైలు పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కింది; తగ్గకుండానే ఎలా పట్టిందన్న అనుమానం మాత్రం రాలేదు.

తర్వాత పాత డిస్కును తుడిచారు. జనాల పెళ్ళిళ్ళు పరాయి చేతుల్లో పడకూడదని, మళ్ళీ ఎవరూ వెలికి తియ్యలేనట్టు తుడిచారు. మీట నొక్కింది సంగయ్యే.

సాయంత్రం మొయినాబాద్‌లో కళ్ళద్దాలు పెట్టుకుని కొత్త తెర ముందు కూర్చున్నాడు. ఇవాళ ఒక ఫోటో ఎంచి తీరాలనుకున్నాడు. ఫైలు విప్పాడు. లోపల సుక్కమ్మ ఫోల్డర్ ఉంది. దాని లోపల ఏమీ లేదు. మూసి మళ్ళీ తెరిచాడు. ఏమీ లేదు.

“ఆర్ కొట్టినవా కాక?” అన్నాడు భూపాల్ ఫోన్‌లో.

“కొట్టిన. ఆరు.”

“ఆరు... అంకెనా?”

సంగయ్య కీబోర్డు మీది ఆరు అంకెను చూశాడు.

“అంకె గాదు కాక, ఏబీసీడీల ఆర్. అది కొడ్తే లోపలికి పోయి అన్నీ తెస్తది. లేకుంటే పేరొక్కటే తెస్తది.”

“తప్పని చెప్పలే గద అది.”

“చెప్పదు. ఫైలును ఎంత గట్టిగ నొక్కి కుదించాల్నో చెప్పనీకె అంకెలు గూడ ఉంటయ్. ఆరు గూడ దానికి సమ్మతే.”

“నేను ఆరా అని అడిగిన గద బిడ్డా.”

భూపాల్ చెప్పింది ఆర్ అనే. సంగయ్య అడిగింది ఆరా అనే. తిట్టుకోవడానికి కూడా ఎవరూ దొరకలేదు.

“పాత డబ్బ వాపస్ తెప్పిద్దామా అన్నా?” అన్నాడు రత్నాకర్.

“తెప్పిచ్చి ఏం జేస్తవ్? నేనే తుడిస్తి.”

సంగయ్య లేచి చెప్పులు తొడుక్కున్నాడు. రోడ్డు దాటి చేవెళ్ళ బస్సు ఎక్కాడు. మర్నాడు రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. ఫోన్ చేస్తే, ఇంకొకరిని పెట్టుకో అన్నాడు. కీబోర్డు పక్కన అతని కళ్ళద్దాలు ఉండిపోయాయి, మడవకుండా, తెర వైపు తిరిగి.