పాకం చూసే వేళ్ళు

నాగరత్నమ్మ పట్టిన అరిసెల పాకానికి నరసరావుపేటలో వంక పెట్టినవాళ్ళు లేరు. పెళ్ళి సారె అనగానే వర్తకుల ఇళ్ళవాళ్ళు ముందు ఆమెకే కబురు పెట్టేవాళ్ళు. చుక్క పాకం నీళ్ళలో వేసి, రెండు వేళ్ళతో ఉండచేసి చూసి, "పిండి పొయ్యండి" అనేది. మొగుడు పోయాక పాతికేళ్ళు ఆమెను నిలబెట్టింది ఆ వేళ్ళే.

ఏడాదిగా తిమ్మిర్లు. అరికాళ్ళలో మొదలై చేతివేళ్ళదాకా వచ్చాయి. పొద్దస్తమానం చీమలు పాకుతున్నట్టే ఉండేది. ఎదురింటి అక్తర్ బేగం వాతమంది. వీధి చివరి ఆర్‌ఎంపీ బలానికని సూదులు పొడిచాడు. మేనకోడలు హరిత మాత్రం, "షుగరేమో, ఆస్పత్రిలో చూపిద్దాం అత్తా" అని నెత్తీనోరూ కొట్టుకుంది. వింటేగా!

"చూపిస్తే తీపి జోలికి పోవద్దంటాడు. పొయ్యి ఆర్పుకొని కూచోమంటావా ఏందే?" అని కసిరింది.

కిందటి నెల చేతుల్లో తిమ్మిర్లు వాటంతటవే ఆగిపోయాయి. ఆమె సంబరం ఇంతా అంతా కాదు. "చానా భయపెట్టావు గదే, సూదులకే పోయింది" అని హరితను పిలిచి మరీ దెప్పింది. ఆ ధైర్యంతోనే వర్తకుడు రాఘవయ్య కూతురి సారె ఒప్పుకుంది.

నిన్న రాఘవయ్య ఇంట్లో పాకం ఉడుకుతోంది. నీళ్ళలో చుక్క వేసి నొక్కి చూసింది. మళ్ళీ వేసి నొక్కింది. మెత్తనా, గట్టా? కంటికి కనబడుతోంది గానీ వేళ్ళకు ఏమీ తగలడం లేదు. పిండి పట్టుకున్న ఆడవాళ్ళు ఆమె మొహంలోకే చూస్తున్నారు.

"పొయ్యండి" అంది, ఏదో ఒకటి అనాలి గనక.

మొదటి వాయి నూనెలోనే విచ్చిపోయింది. రాఘవయ్య భార్య వచ్చి మూకుడు దించేసింది. తిట్టినా బాగుండేది.

ఈ పొద్దున హరిత ఆస్పత్రికి లాక్కెళ్ళింది. డాక్టరు రక్తం పరీక్ష చేయించాడు. కళ్ళు మూసుకోమని వేళ్ళమీద సూదిమొనతో గుచ్చి చూశాడు.

"షుగర్ బాగా ముదిరిందమ్మా. తిమ్మిర్లున్నన్నాళ్ళూ నరాలు మొత్తుకుంటున్నట్టు. ఇప్పుడు ఆ నరాలే చచ్చుబడ్డాయి."

"మళ్ళీ వస్తాయా బాబూ, ఆ తిమ్మిర్లు?"

"పోయిన స్పర్శ తిరిగి రావడం కష్టం. మిగిలింది కాపాడుకుందాం."

ఇద్దరూ ఆటో ఎక్కారు. పల్నాడు రోడ్డు దాటాక ఎందుకో కిందికి చూసింది. ఆమె చెయ్యి హరిత రెండు చేతుల్లో ఉంది. ఎప్పుడు పట్టుకుందో నాగరత్నమ్మకు తెలియనే లేదు.