పసుప్పచ్చ వంకర గీతలు

రోడ్డు నడిమధ్యకు వచ్చి, ఎడమ చెయ్యి బార్లా చాపి, కుడిచేతిలోని లాలీపాప్‌ను నిటారుగా నిలబెట్టింది వెరోనా లిబర్డ్. ఒక రొట్టెల వ్యాను, దాని వెనక రెండు కార్లు ఆగాయి. “రండి బంగారాలూ” అంది తల తిప్పకుండానే. అయిదుగురు పిల్లలు, తోపుడు బండిలో ఒక పసివాడు, ఆ బండిని తోస్తున్న తాత రోడ్డు దాటారు. తాత టోపీ ఎత్తాడు, వెరోనా తల ఊపింది. చర్చి గడియారం ఎనిమిదీ నలభై చూపిస్తోంది. అది ఎప్పుడూ నాలుగు నిమిషాలు వెనకే.

లాలీపాప్ అంటే చప్పరించేది కాదు. ఆమె తలకన్నా రెండడుగులు ఎత్తున్న కర్ర, దాని కొసన గుండ్రటి పసుప్పచ్చ పలక, పలక మీద ‘ఆగండి, పిల్లలు’ అని నల్లటి అక్షరాలు. ఇంగ్లండులోని ఈ థార్న్‌బీలో పిల్లా పెద్దా దాన్ని అలాగే అంటారు, దాన్ని పట్టుకునే మనిషిని లాలీపాప్ ఆవిడ అంటారు. చలికాలంలో ఆ కర్ర చేతి తొడుగుల్లోంచి కూడా కొరుకుతుందని, పట్టుకునే చోట ఆకుపచ్చ ఉన్ని దారం దగ్గరదగ్గరగా చుట్టుకుంది. మూడేళ్ళకోసారి పాతది విప్పి కొత్తది చుడుతుంది.

ఆమెకు అరవై నాలుగేళ్ళు. పొట్టి మనిషి, భుజాలు వెడల్పు. పిక్కలదాకా దిగే మెరుపు పసుపు కోటు, ఒక సైజు పెద్ద బూట్లు, లోపల రెండు జతల మేజోళ్ళు. కుడి మోకాలు వాన రాకముందే చెబుతుంది, అంటే ఆ ఊళ్ళో అది రోజూ చెబుతూనే ఉంటుంది. వాళ్ళమ్మ కరీబియన్ సముద్రంలోని నీవిస్ దీవి నుంచి ఓడెక్కి వచ్చి ఇక్కడి కంబళ్ళ మిల్లులో చేరింది. వెరోనా పుట్టింది ఈ బడికి రెండు వీధుల అవతల, చదివింది ఈ బడిలోనే. భర్త క్లెమెంట్ సిటీ బస్సు నడిపేవాడు, పోయి తొమ్మిదేళ్ళయింది. ఇరవై ఏడేళ్ళుగా ఆమె ఇదే చోట నిలబడుతోంది. ఇన్నేళ్ళలో ఆ రోడ్డు మీద ఏ పిల్ల మోకాలూ గీసుకోలేదు. తన గురించి గొప్పగా చెప్పుకోవడానికి ఆమెకు ఉన్నది ఆ ఒక్క మాటే, దాన్నీ ఎవరితోనూ చెప్పుకోలేదు.

బడి గేటు ముందర రోడ్డు మీద పసుప్పచ్చ వంకర గీతలు ఉంటాయి. అక్కడ బండి నిలపకూడదని వాటి అర్థం. నిలిపితే వచ్చే కార్లకు పిల్లలు కనపడరు, పిల్లలకు కార్లు కనపడవు. ఇది తెలియని తల్లీ తండ్రీ ఊళ్ళో లేరు. అయినా పొద్దున్నే వాన, ఆలస్యం, ఒక్క నిమిషమే కదా అనుకుంటారు. ఇవాళ శుక్రవారం, గీతల మీద నాలుగు కార్లున్నాయి. వెరోనా ఆ కార్ల సందులోంచి ముందు తన తల పోనిచ్చి, తరువాత కర్రను పోనిచ్చి, ఆఖర్న పిల్లల్ని రానిచ్చింది. కౌన్సిల్‌కు పదకొండు ఉత్తరాలు రాసింది. మూడు ప్లాస్టిక్ దిమ్మెలు సొంతంగా తెచ్చి పెట్టింది, వారంలో మూడూ మాయమయ్యాయి.

పన్నెండు రోజుల కిందట మాత్రం ఆమె పేరు ఊరంతా మోగిపోయింది. సామాన్లు చేరవేసే వ్యాను డ్రైవరొకడు, తనను ఆపినందుకు అద్దం దించి, మీ దేశం పో అని మొదలుపెట్టి, ఆమె ఒంటి రంగు మీద రాయకూడని మాట ఒకటి అన్నాడు. పిల్లలు విన్నారు. వెరోనా కర్ర దించలేదు. చివరి పిల్ల దాటాక వ్యాను నంబరు అరచేతి మీద రాసుకుంది, పోలీసులకు చెప్పింది. ఇంటికెళ్ళి అరచేతి మీది నంబరు సబ్బుతో కడుక్కుంది. ఆ మాట ఆమె ఆరో ఏట విన్నది, అరవై నాలుగో ఏట విన్నది. అలవాటైందని జనం అనుకుంటారు గానీ అది అలవాటయ్యే మాట కాదు. నొప్పి నొప్పిగానే ఉంది.

ఎవరో తల్లి అదంతా ఫోన్లో తీసింది. రాత్రికి రాత్రి వేలమంది చూశారు. తల్లిదండ్రుల గ్రూపు నడిపే ఫిలిప్పా కౌగిల్ అది చూసి నిజంగానే ఏడ్చింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. ఏడుపయ్యాక ఒక పసుప్పచ్చ వృత్తం తయారుచేసింది, మధ్యలో ‘మేం వెరోనా వెంట’ అని. అందరూ తమ ఫోన్లలో తమ బొమ్మ తీసేసి అది పెట్టుకోవాలి. మూడు రోజుల్లో సగం ఊరు పసుప్పచ్చనైంది. అయిదో రోజున ఏ తరగతిలో ఎవరు పెట్టారో జాబితా వచ్చింది. పెట్టినవాళ్ళ పేర్లే రాశారు, కానీ లేని పేర్లు వెతుక్కోవడం ఎంతసేపు?

మీకేం కావాలో చెప్పండి అని ఫిలిప్పా ఆమెను అడిగింది కూడా. గీతల మీద బండ్లు పెట్టకుండా చూడమ్మా, అంతే చాలు, అంది వెరోనా. ఫిలిప్పా గుండె మీద చెయ్యి వేసుకుని, ఎంత లోతైన మాట అంది. ఆ సాయంత్రం గ్రూపులో వెరోనా బొమ్మ కింద ఇలా వచ్చింది: ‘ఆమెకు చోటిద్దాం. ఇన్నాళ్ళూ ఇవ్వని చోటు.’ దానికి పదకొండు వందల గుండెలు పడ్డాయి. మర్నాడు పొద్దున గీతల మీద ఫిలిప్పా కారే మొదటిది. అందరూ శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రం మాయం.

తొమ్మిది కావస్తుండగా గారెత్ ఇబ్బట్‌సన్ కూతురి చెయ్యి పట్టుకుని వచ్చాడు. స్నానాల గదులకు పలకలు పరిచే పనివాడు. వేలిగోళ్ళ చుట్టూ తెల్లటి సిమెంటు ఎప్పుడూ ఉంటుంది. తన వ్యానును రెండు వీధుల అవతల చాపెల్ సందులో ఆపి, వానైనా మంచైనా ఈడీని నడిపించుకు వస్తాడు. ఈడీకి ఆరేళ్ళు, ఎర్ర బూట్లు. ఊళ్ళో ఒక్కసారి కూడా గీతల మీద బండి పెట్టనివాడు ఎవడయ్యా అంటే వెరోనాకు తోచేది ఇతనొక్కడే. జాబితాలో లేనిదీ ఇతని పేరే.

పిల్లను గేటులోకి పంపి అతను ఆగిపోయాడు.

“ఒక మాట అడగాలి, ఏమీ అనుకోకండి.”

“అడుగు నాయనా.”

“ఆ పసుపు బిళ్ళ నేను పెట్టలేదని మీరు బాధపడ్డారా?”

“ఏ బిళ్ళ? నా ఫోను మాట్లాడ్డానికే పనికిరావట్లేదు.”

గారెత్ నవ్వబోయి మానేశాడు. తన పని చూపించుకునే పేజీ కింద ఎవరో ‘మౌనంగా ఉన్నవాడూ వాళ్ళలో ఒకడే’ అని రాశారట. పనికి పిలిచిన ఇద్దరు ఇంటి యజమానులు వేరే మనిషిని చూసుకుంటామన్నారట. అది సరే, వచ్చే ఆదివారం ఒక పిల్ల పుట్టినరోజు పండక్కి తరగతిలో అందర్నీ పిలిచి ఈడీని పిలవలేదట. చెబుతున్నంతసేపూ గోళ్ళ దగ్గరి సిమెంటు గీకుతూనే ఉన్నాడు.

“నాకా రాతలు కోతలు రావు” అన్నాడు. “నాకే నవ్వొస్తుంది, నేనేదో పెద్ద మనిషినన్నట్టు.”

“నువ్వు బండి చాపెల్ సందులో పెడతావు” అంది వెరోనా. “నాకు కావలసింది అదే. నేను అడిగిందీ అదే.”

“అది వాళ్ళకెవరికి కనపడుతుంది?” అన్నాడు గారెత్.

నిజమే అనుకుంది వెరోనా. బండి లేని చోటును ఎవరు ఫొటో తీస్తారు?

మధ్యాహ్నం ఇంట్లో అల్లం టీ, ఉప్పు బిస్కెట్లు, మోకాలికి వేడినీళ్ళ సంచీ. లీడ్స్ నుంచి చెల్లెలు అయోనీ ఫోను చేసింది. అయోనీ మనవరాలు గ్రూపులో వచ్చేవన్నీ చదివి పెడుతుంది, అయోనీ వాటిని అక్కకు చేరవేస్తుంది.

“ఇవాళ మూడుంపావుకు నీతో పెద్ద ఫొటో అటగా. లిప్‌స్టిక్ రాసుకెళ్ళు. క్లెమెంట్‌తో పెళ్ళినాడు కూడా ఇంతమంది రాలేదు నీకు.”

“రోడ్డు మీద పని వేళమ్మా అది. కుదరదని చెప్పాలి.”

“చెప్పావా మరి?”

చెప్పలేదు. ఫిలిప్పా రెండు చేతులూ పట్టుకుని అడిగింది, మూడే నిమిషాలు అంది. అంతమంది తన కోసం వస్తుంటే కాదనడం పొగరులా ఉంటుందేమోనని వెరోనా తల ఊపేసింది. అదీగాక, లోపల ఏదో మూల సంతోషంగానే ఉంది. ఇరవై ఏడేళ్ళలో ఆమెను ఎవరూ అడిగి, నిలబెట్టి ఫొటో తీయలేదు.

మూడుంపావుకు వాన వెలిసి ఎండ కాసింది. గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతలి పక్క రాతిగోడ దగ్గర ఎండ బాగా పడుతోందని జనమంతా అక్కడ చేరారు, నలభై మందికి పైనే. అందరి చేతుల్లో గుండ్రంగా కత్తిరించిన పసుప్పచ్చ అట్టలు. అంతమంది కార్లూ ఎక్కడున్నాయంటే గీతల మీద ఉన్నాయి. ఆరు కార్లు, గేటు ముందు ఒక్కటంటే ఒక్క వ్యాను పట్టే ఖాళీ.

ఆ ఖాళీలోకి గారెత్ తెల్ల వ్యాను వచ్చింది. పని మధ్యలోంచి వచ్చాడు, ఆలస్యమైంది. చాపెల్ సందు దాకా పోయి నడిచొస్తే ఫొటో అయిపోతుంది. అవతల నుంచి ఫిలిప్పా చెయ్యి ఊపి, గారెత్, నువ్వూ వచ్చావా, అక్కడే పెట్టెయ్, అక్కడే పెట్టెయ్ అంది. నలభై మొహాలు అతని వైపు తిరిగి నవ్వాయి. రెండు వారాల్లో అతన్ని చూసి ఎవరైనా నవ్వడం అదే మొదలు. నలుగురితో నారాయణ అనుకున్నాడు, ఇంజను ఆపాడు. ఎవరో అతని చేతిలో అట్ట పెట్టారు.

వెరోనాను మధ్యలో నిలబెట్టారు. లాలీపాప్‌ను కాస్త ఇటు తిప్పండి, అక్షరాలు కనపడాలి అన్నారు. తిప్పింది. ఫిలిప్పా రోడ్డు అంచున, బడి వైపు వీపు పెట్టి, ఫోను ఎత్తింది. ఇంకొకటి, ఇంకొకటి అంటోంది. గేటు దగ్గర టీచరు ఒక్కో పిల్లకూ ఇంటి మనిషి కనపడ్డాకే చెయ్యి వదులుతుంది. వ్యాను పక్కనుంచి చూస్తే ఈడీ నాన్న కనపడ్డాడు. పక్కనే లాలీపాప్ కూడా కనపడింది. టీచరు చెయ్యి వదిలింది.

నలభై మందీ ఫోను వైపు చూస్తున్నారు. వెరోనా కళ్ళు మాత్రం అలవాటు చొప్పున రోడ్డు మీదికే పోయాయి. తెల్ల వ్యాను కింద, చక్రాల మధ్యలోంచి, రెండు ఎర్ర బూట్లు నడుస్తూ కనిపించాయి. కుడివైపు నుంచి కారు చప్పుడు వినపడింది.

ఆమె ఫిలిప్పాను భుజంతో పక్కకు నెట్టి, కర్రను రెండు చేతులా ముందుకు చాపి రోడ్డులోకి దూకింది. కారు అద్దం పలకకు తగిలి చిట్లింది. పలక ఒక పక్కకు వంగిపోయింది. కారు ఆగింది. నడుపుతున్న ముసలాయన మెల్లగానే వస్తున్నాడు, పాపం, అతని తప్పేమీ లేదు. కారు మూతికి జానెడు దూరంలో ఈడీ నిలబడి ఉంది, నాన్న చేతిలోని అట్ట వంక చూస్తోంది.

ఎవరికీ ఏమీ కాలేదు. జనం అందరూ ఒక్కసారిగా మాట్లాడారు. గారెత్ పిల్లను ఎత్తుకుని వెరోనా దగ్గరికొచ్చాడు. మొహం గోడకు వేసిన సున్నంలా ఉంది.

“ఇవాళ ఒక్కరోజే పెట్టాను” అన్నాడు.

“నేనూ అంతే నాయనా” అంది వెరోనా. “ఇవాళ ఒక్కరోజే రోడ్డు వదిలాను.”

తిట్టలేదు. తిట్టి ఉంటే అతనికి కాస్త తేలిగ్గా ఉండేది. వంగిన పలకతోనే మళ్ళీ రోడ్డు మధ్యకు పోయి, మిగిలిన పిల్లలందర్నీ దాటించింది. రండి బంగారాలూ అంటూనే ఉంది. మూడూ నలభై అయిదుకు ఆఖరి పిల్ల దాటింది. మణికట్టు నొప్పి అప్పుడు తెలిసింది. బడి ఆఫీసులోకి వెళ్ళి, సోమవారం నుంచి రానని చెప్పింది. గుమాస్తా జానెట్, అయ్యో సెలవా, వెళ్ళిరండి, మీకు విశ్రాంతి కావాలి అంది. సెలవు కాదని వెరోనా విడమరచి చెప్పలేదు. కోటు విప్పి మడిచి కుర్చీలో పెట్టింది. కోటు లేకుండా వీధిలో నడిచి పోతుంటే టోపీ తాత ఎదురుపడి కూడా గుర్తుపట్టలేదు.

ఆ రాత్రి గ్రూపులో ఫొటో వచ్చింది. ఆఖరిసారి తీసినది బాగా వచ్చిందట. అందరూ నవ్వుతున్నారు, గారెత్ కూడా. వెరోనా ఒక్కతే ఫోను వైపు చూడటం లేదు, కిందికి, పక్కకు చూస్తోంది. ‘ఆ కళ్ళు చూడండి, రాబోయే మంచి రోజుల్ని చూస్తున్నాయి’ అని రాసింది ఫిలిప్పా. రెండు వేల గుండెలు పడ్డాయి. గారెత్ పేరు జాబితాలో చేరింది. ఈడీకి పుట్టినరోజు పిలుపు వచ్చింది. ఆదివారం ఆ పండక్కి తండ్రీ కూతురూ వెళ్ళలేదు.

సోమవారం పొద్దున గీతల మీద అయిదు కార్లు. గారెత్ చాపెల్ సందులో వ్యాను ఆపి, ఈడీ చెయ్యి గట్టిగా పట్టుకుని, ఒక్కడే రోడ్డుకు అటూ ఇటూ చాలాసేపు చూసి దాటించాడు. కొత్త మనిషిని పెట్టేదాకా ఎవరి పిల్లల్ని వాళ్ళే దాటించుకోవాలని కౌన్సిల్ నుంచి కాగితం వచ్చింది.

బడి వెనక సామాన్ల గదిలో, తుడుపు కర్రల పక్కన, పలక వంగిన లాలీపాప్ గోడకు ఆనించి ఉంది. దాని ఆకుపచ్చ ఉన్ని దారం చేతులు పట్టిన మేర అరిగి నల్లబడింది, ఒక కొస ఊడి కిందికి వేలాడుతోంది.