పచ్చకోటు వీడియో

రెడీమేడ్ షాపులు వచ్చాక ఆ వీధిలో మిషను చప్పుడు వినిపించేది టైలరమ్మ కొట్లో ఒక్కచోటే. కోత, కుట్టు రెండింట్లోనూ ఆవిడది చెయ్యి తిరిగిన పని. ఏం లాభం? గిరాకీ గడప తొక్కితే కదా. జిప్పులు మార్చడం, ప్యాంట్ల అంచులు మడవడం, మిగతా పొద్దంతా ఈగలు తోలుకోవడం.

చూసి చూసి చిన్న తోడికోడలు రంగంలోకి దిగింది. ఆ పిల్ల ఫోన్ల షాపులో పనిచేస్తుంది, శుక్రవారం సెలవు. వచ్చీ రాగానే కొట్టు పేరున ఒక పేజీ తెరిచి, పాఠం మొదలుపెట్టింది. రండి రండి అని పిలిస్తే ఎవరూ రారట, పని చూపించాలట. బట్ట ముందు ఎలా ఉందో, తర్వాత ఎలా అయిందో కిటికీ వెలుతురులో తీయాలట. కొట్టు ఎక్కడుందో చివర్లో చెప్పాలట. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరేం అడిగినా ఆ రోజే నాలుగు మంచి మాటలతో జవాబివ్వాలట. టైలరమ్మ బడిపిల్లలా తలూపింది.

మొదట్లో పెట్టిన వీడియోలు చుట్టాలు తప్ప ఇంకెవరూ చూడలేదు. వాళ్ళైనా మొహమాటానికే చూశారు.

అలాంటప్పుడు వచ్చింది పచ్చకోటు. దాన్ని తెచ్చినావిడ ఆ పేటకు కొత్త. ఒక బడి వంటగదిలో పని. సన్నటి మనిషి, మాటలు తక్కువ. ఎవరో ఇచ్చిన కోటట, ఆవిడలాంటివాళ్ళు ఇద్దరు పడతారు అందులో. టైలరమ్మ భుజాలు విప్పి, చేతులు కుదించి, లోపలి గుడ్డ మార్చి, కొత్త కోటు పుట్టించినంత పని చేసింది. అది వేసుకుని అద్దం ముందు తిరిగేసరికి ఆవిడ మొహం విచ్చుకుంది. టైలరమ్మ వెనక నిలబడి వీడియో తీసింది కాబట్టి వీపే పడుతుందనుకుంది. అద్దం సంగతి ఆవిడకు తట్టలేదు. అడగాలన్న సంగతి అంతకన్నా తట్టలేదు.

ఆ వీడియో గడ్డివామిలో నిప్పులా పాకింది. వీధి చివరి నుంచే కాదు, ఊరి అవతలి నుంచి కూడా జనం పాత కోట్లు చంకన పెట్టుకుని వచ్చారు. టైలరమ్మకు అన్నం తినే తీరిక లేదు. అయినా నేర్చుకున్న పాఠం తప్పకుండా అందరికీ జవాబులు రాసేది. అందులో ఒకటి, ‘ఆవిడ మా అక్క. మాకు దూరమై చాలా కాలమైంది. మళ్ళీ ఎప్పుడు వస్తుందో చెప్తారా?’ అని. చదివి టైలరమ్మ కళ్ళు చెమర్చాయి. పచ్చకోటావిడ స్కర్టు ఒకటి బాగుచేయమని ఇచ్చి వెళ్ళింది. శుక్రవారం సాయంత్రం వస్తారమ్మా అని రాసేసింది.

శుక్రవారం సాయంత్రం తోడికోడలు వీడియో కోసం ఫోను సర్దుతుండగా ఒకాయన లోపలికొచ్చాడు. నలగని చొక్కా, మెత్తటి గొంతు. తన భార్య కోసం వచ్చానని పచ్చకోటు వీడియో చూపించాడు.

“చెల్లెలు రాసింది కదండీ నాకు?” అంది టైలరమ్మ.

“దానికి చెల్లెళ్ళు లేరు. మగవాడు అడిగితే మీరు చెప్పరని అలా రాశాను,” అని నవ్వాడు.

పచ్చకోటావిడ ఎప్పుడూ కుర్చీలో గోడకు ఆనుకుని, గుమ్మం వైపు చూస్తూ ఎందుకు కూర్చునేదో టైలరమ్మకు అప్పుడు అర్థమైంది. అతను అదే కుర్చీ లాక్కుని వీధి కనపడేలా కూర్చున్నాడు. స్కర్టు అతని తల పైనే హ్యాంగరుకు వేలాడుతోంది.

“చిన్నా, బస్‌స్టాపు దగ్గర బొత్తాల కొట్టుకి వెళ్ళిరా,” అంది టైలరమ్మ.

బస్‌స్టాపు దగ్గర బొత్తాల కొట్టు లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. తోడికోడలు ఒక్క క్షణం ఆవిడ మొహంలోకి చూసి, చెప్పులు వేసుకుని వెళ్ళింది. టైలరమ్మ ఆ వెనకే లేచి, అలవాటుగా తీసినట్టు స్కర్టు తీసి, తిరగేసి, లోపలి గుడ్డ పైకి వచ్చేలా మిషను సూది కింద పెట్టింది.

“ఆవిడ నిన్ననే వచ్చి వెళ్ళిందండీ. మీకు రాద్దామనుకున్నాను, పనిలో పడి మర్చిపోయాను.”

“ఎందుకొచ్చింది?”

“కోటుకి బొత్తాం ఊడిందని.”

అతను లేచి, వేలాడే బట్టల్ని వేళ్ళతో ఒక్కొక్కటే జరుపుతూ చూశాడు. తర్వాత వచ్చి ఆవిడ వెనక నిలబడ్డాడు. టైలరమ్మ కాలు ఆపలేదు. కుట్టు జేబు మీదుగా అడ్డదిడ్డంగా పోయింది. పోనిచ్చింది.

“ఇదెవరిది?”

“మా ఆడపడుచుదండీ. ఇవాళ ఇవ్వకపోతే నన్ను బతకనివ్వదు.”

అతను మళ్ళీ కూర్చున్నాడు. వీధిలో ఆడమనిషి కనపడినప్పుడల్లా మెడ సాచాడు. టైలరమ్మ కుట్టినచోటే కుట్టింది. చివరికి వీధి దీపాలు వెలిగాక లేచాడు. మళ్ళీ వస్తానని, అదే మెత్తటి గొంతుతో చెప్పి వెళ్ళాడు.

అతను కనుమరుగయ్యాక షట్టరు దించి, స్కర్టు సంచిలో వేసుకుని, తోడికోడలు కబురు చేసిన ప్రకారం సందులు తిరిగి తిరిగి ఫోన్ల షాపుకు చేరింది. వెనక గదిలో అట్టపెట్టెల మధ్య పచ్చకోటావిడ కూర్చుని ఉంది. తోడికోడలు ఆవిడను బస్సు దిగుతుండగానే పట్టుకుంది. కోటు విప్పించి, తన చున్నీ కప్పి తీసుకొచ్చింది.

తిడుతుందనుకుంది టైలరమ్మ. తిట్టినా బాగుండేది.

“ఒక్క మాట అడిగుంటే వద్దనేదాన్ని కదండీ,” అంది ఆవిడ.

“అవునమ్మా. అడగలేదు. నీ జవాబూ నేనే చెప్పేశాను వాడికి.”

ముగ్గురూ పోలీస్ స్టేషనుకు వెళ్ళారు. టైలరమ్మ ఆ సందేశాలన్నీ చూపించి సాక్షి సంతకం పెట్టింది. అక్కడి బల్ల మీద కూర్చునే స్కర్టు మీది వంకర కుట్లు విప్పి, జేబు చేత్తో కుట్టి ఇచ్చింది. ఆవిడ తీసుకుంది. కృతజ్ఞత చెప్పలేదు. చెప్పాల్సిన పనీ లేదు. దొరక్క దొరక్క దొరికిన గది, ఉద్యోగం రెండూ వదులుకుని, మర్నాడు ఆడవాళ్ళ ఆశ్రయం వాళ్ళతో వేరే ఊరు వెళ్ళిపోయింది.

వీడియో తీసేశారు. కానీ అప్పటికే ఎవరెవరో తమ పేజీల్లో పెట్టుకున్నారు. టైలరమ్మ, తోడికోడలు కూర్చుని ఒక్కొక్కరికీ రాశారు. కొందరు తీసేశారు, కొందరు పట్టించుకోలేదు, ఒకడైతే ఎదురు వెటకారమాడాడు. పచ్చకోటావిడ భర్త ఇంకోసారి కొట్టుకొచ్చాడు. టైలరమ్మ షట్టరు దగ్గరే నిలబడి పోలీసులకు ఫోను కలిపింది. ఆ తర్వాత రాలేదు.

గిరాకీ సగం పడిపోయింది. పేజీ మాత్రం మూయలేదు. ఇప్పుడు అందులో కత్తెర, బట్ట, ఆవిడ చేతులు తప్ప ఇంకేమీ కనపడవు. ఎవరైనా మొహం చూపిస్తామని ముందుకొస్తే, ఇంటికెళ్ళి ఆలోచించుకుని రేపు చెప్పమంటుంది. పచ్చకోటావిడ ఏ ఊళ్ళో ఉందో టైలరమ్మకు తెలియదు. తెలుసుకోవాలని అడగనూ లేదు.