శశిధర్ పోయిన రోజు

శవం తాజాగా ఉంది. చిక్కంతా అక్కడే వచ్చింది.

శశిధర్ పడవ సరస్సులో బోల్తా పడి నెల దాటింది. వెతికినవాళ్ళు తొందరగానే చేతులెత్తేశారు. ఆ చలిదేశంలో, డునెడిన్ ఊళ్ళోని తెలుగువాళ్ళకు పెళ్ళికీ చావుకీ మంత్రం చదివేది పట్టాభిరామయ్యే. ఆత్మ అల్లాడుతుందంటూ ఆయన దర్భలతో బొమ్మ చేయించి, కాల్పించి, కర్మ జరిపించేశాడు. ఆ ఒడ్డున కాకులెక్కడివి? సీగల్ పక్షి వచ్చి పిండం ఎత్తుకుపోతే, అదే చాలనుకున్నారు.

ఇవాళ పొద్దున సరస్సు లోతుల్లో దొరికి, ఇప్పుడేమో మార్చురీ బల్ల మీద అతను రాత్రి పడుకుని ఇంకా లేవనట్టున్నాడు. చెంపలు మైనం పూసినట్టు నున్నగా ఉన్నాయి. చేతులు మాత్రం తెల్లగా ముడుచుకుపోయి, ఎవరో ముసలామెవి తెచ్చి అతికించినట్టున్నాయి.

అతని లైఫ్ జాకెట్ అవతలి గట్టున చెట్టుకొమ్మకు తగిలించి కనిపించింది. అటువైపు ఎవరూ వెతకనే లేదు.

"ఒడ్డెక్కాడా డాక్టర్? ఎన్నాళ్ళు బతికున్నాడు?" భార్య ప్రభావతి అడిగింది.

డాక్టర్ తల అడ్డంగా ఊపింది. ఆ లోతులో నీళ్ళు ఫ్రిజ్‌లాంటివి, బయట రోజుల్లో కుళ్ళే ఒళ్ళు అక్కడ వారాలు గడిచినా చెడదు అంది. పడవతోపాటే పోయాడో, ఒడ్డెక్కి కొన్నాళ్ళు తిరిగి మళ్ళీ నీళ్ళలో పడ్డాడో, తాను చెప్పలేనంది.

పట్టాభిరామయ్యకు విసుగొచ్చింది. "పడవ బోల్తా పడ్డ తిథే పెట్టుకున్నాంగా. ఇంక తవ్వకమ్మా."

"డాక్టరుకే తెలీనిది మీకెలా తెలిసింది అంకుల్?"

"శాస్త్రంలో..."

"ఆయన అవతల పుల్లలేరుకుంటుంటే, ఇవతల మనం ఆయన్ని కాల్చేశామేమో. మరి ఆ పిండం ఎవరు తిన్నట్టు?"

ముసలాయన గొణిగాడు. "తెలీనప్పుడు, శవాన్ని చూసిన రోజే తిథి అనుకోవచ్చు. కానీ అప్పుడు ఇవాళ్టిదాకా బతికున్నట్టే అవుతుందమ్మా. ఆ చలిలో, ఒక్కడూ. అది మొయ్యగలవా? పాతదే ఉంచుకో, నిద్రయినా పడుతుంది."

ప్రభావతి భర్త మొహం చూసింది. రెప్పలు పూర్తిగా మూతపడలేదు.

"ఇవాళే," అంది.

ఆయన నిట్టూర్చి, స్నానం చేయించడానికి చెంబు ఎత్తాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"నీళ్ళొద్దు. ముందు దుప్పటి కప్పండి. వణికిపోతున్నాడు, కనపడట్లా?"

పట్టాభిరామయ్య దుప్పటి కప్పాడు. తర్వాత దానివైపు చూడ్డానికి ఆయనకు ధైర్యం చాల్లేదు.