మిట్టమధ్యాహ్నపు ఆమ్లం

మూడేళ్ల క్రితం మార్చి తొమ్మిదిన, రొట్టె, అరటిపండు తిని, పొలాల మధ్య గదిలో పరిశోధకురాలు గాలిని కొలిచే యంత్రం మీద ఒక వింత అంకె చూసింది. ఎండకు విరిగిపోవాల్సిన నైట్రస్ ఆమ్లం మిట్టమధ్యాహ్నం గాలిలో పెరుగుతోంది. ఎరువు వేసిన మట్టే దాన్ని వదులుతోందని అప్పటినుంచీ కొలిచి రాసింది. రేపే సిద్ధాంత గ్రంథం సమర్పించాలి.

ఈ సాయంత్రం ఆమె గురువు, సొంత బాబాయి, యంత్రంలోకి బయటి గాలిని పీల్చే గొట్టం ఊడదీసి లోపలి మసి చూపించాడు.

"ఎండ తగిలితే ఈ మురికే ఆమ్లాన్ని పుట్టిస్తుందే తల్లీ. నువ్వు కొలిచింది పొలాన్ని కాదు, గొట్టాన్ని."

"నీకెప్పుడు తెలిసింది బాబాయ్?"

"మొదటి వారమే. చెబితే కడిగేస్తావుగా! గొట్టాలు చేసే మోసం మీద నా వ్యాసానికి మూడేళ్ల ఉదాహరణ ఇంకెక్కడ దొరుకుతుంది?"

ఆయన నవ్వుకుంటూ వెళ్లాడు. తన తర్వాత ఇక్కడ కొలిచేవాళ్లకైనా నిజం అందాలని ఆమె గొట్టాన్ని శుభ్రంగా కడిగి బిగించి, చప్పుడు కాకుండా తలుపు మూసింది.